ఇంటిపేరూ, ఇంటి మీద పేరూ

ఆడదానికి ఇంటిపేరు ఒక్క ముహూర్తంలో మారిపోతుంది గాని, ఇంటి మీద పేరు పడాలంటే ఒక జన్మ చాలదు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ‘ఆడ’పిల్లే గాని ‘ఈడ’పిల్ల కాదంటారు. అత్తవారింటికి వెళ్తే, ‘ఇది మా తాతగారు కట్టించిన ఇల్లు’ అని మనుషులతోపాటు గోడలు కూడా గుర్తు చేస్తూంటాయి. పాలు పొంగించి, ముగ్గులు పెట్టి, బూజులు దులిపి, ముప్ఫై ఏళ్ళు కనిపెట్టుకుని ఉన్న ఇంటికి కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోందో ఒక్కసారి చూడండి. కాగితం లేని చోట కాపురముండటమే ఆక్రమణ అయితే, మనలో సగంమందిమి ఆక్రమణదారులమే!

అందుకే కాబోలు, పేపర్లో ‘ఆక్రమణల తొలగింపు’ అన్న వార్త కనబడితే నేను దాన్ని దాటుకుని వంటల శీర్షికకి వెళ్ళలేను. ఫోటోలో పొక్లెయినర్ వెనకాల ఉంటుంది. ముందు వరసలో గిన్నెలూ, గ్యాసు పొయ్యీ, ట్రంకు పెట్టె, వాటి పక్కన చంకలో పిల్లాడితో ఒక ఆడమనిషీ. ఇల్లు కూలినప్పుడు మొట్టమొదట రోడ్డున పడేది వంటిల్లే.

ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. ఖాళీగా పడి ఉన్న ఇంట్లో దూరి కాపురం పెట్టడం ఇంగ్లండులో ఒకప్పుడు సివిలు తగాదా మాత్రమే. 2012 నుంచి అది నేరమైంది. మన విశాఖపట్నంలో అయితే ఖాళీ ఇళ్ళ జోలికెవరూ పోరు. అద్దెలు అందనివాళ్ళు కొండెక్కుతారు. ఊళ్ళో మేడలు కట్టిన చేతులే సాయంత్రానికి కొండవాలున రేకుల కిందికి చేరతాయి. అలాంటివాళ్ళకి వంద గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామని ప్రభుత్వం 2015లో ఉత్తర్వు కూడా ఇచ్చింది. ‘అయితే అప్పు చేసి స్థలం కొనుక్కున్నవాళ్ళు వెర్రివాళ్ళా?’ అని ఒకరు. ‘మరి వాళ్ళెక్కడ పడుకోవాలి?’ అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాని ఎవరు ముందొచ్చారు, ఎవరు తరవాతొచ్చారు అన్న సంగతి మాత్రం ఇద్దరూ అడగరు. ఆ ప్రశ్నకి జవాబు దొరికే చోటు అరకు లోయ.

కిందటి కార్తీకంలో అన్నయ్యా, వదినా, నేనూ కిరండోలు పాసింజర్లో అరకు వెళ్ళాం. వలిసె పూలు కొండల మీద పసుపు ఆరబోసినట్టున్నాయి. చలిగాలీ, చేతిలో వేడి కాఫీ గ్లాసూ... వదిన మనసు కరిగిపోయింది.

“ఏమండీ, ఇక్కడొక పది సెంట్లు కొనుక్కుని చిన్న ఇల్లు వేసుకుంటేనో?” అంది.

అన్నయ్య కన్నా ముందు జీపు డ్రైవరు జవాబు చెప్పాడు. “కొనడానికి కుదరదమ్మగారూ. వన్ సెవెంటీ!”

“కొనొద్దులే బాబూ, లీజుకి తీసుకుంటాం.”

“లీజూ కుదరదమ్మగారూ. దాన్లో అదీ రాసుందట.”

వదిన మొహం ముడుచుకుంది. “మన దేశంలో మనం డబ్బిచ్చి కొనుక్కోకూడదా? ఇదెక్కడి చోద్యం!”

చోద్యమేమీ కాదు. ఈ కొండల్లో మైదానం నుంచి వచ్చినవాళ్ళు భూమి ‘కొనుక్కున్న’ తీరు వింటే వదినకే తెలుస్తుంది. ఉప్పుకీ బట్టకీ అప్పు, అప్పుకి వడ్డీ, వడ్డీకి పొలం. అది చూడలేకే ఇంగ్లీషువాళ్ళే 1917లో ఏజెన్సీ భూముల బదిలీకి ఒక చట్టం చేశారు. తరవాత 1959లో మన ప్రభుత్వం ఒక రెగ్యులేషను చేసింది. దానికి 1970లో పళ్ళు వచ్చాయి. అదే 1970 సంవత్సరపు ఒకటో రెగ్యులేషను, డ్రైవరు చెప్పిన వన్ సెవెంటీ. ఏజెన్సీలో భూమిని గిరిజనుడే కాదు, గిరిజనేతరుడు కూడా గిరిజనేతరుడికి అమ్మకూడదంది. అమ్మకమే కాదు, లీజూ తాకట్టూ దానమూ కూడా చెల్లవు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి. అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత చేతిలో భూమి ఉన్నవాడిది. ఎప్పుడూ లేనివాణ్ణే ‘నీ కాగితమేదీ?’ అని అడిగే లోకంలో, ఒక్కచోటయినా ఉన్నవాణ్ణి అడిగారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్ళింది. ఆ కేసు పుట్టింది అరకు పక్కనే, అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో గనుల లీజుల మీద. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక ‘వ్యక్తి’ లాంటిదే, షెడ్యూల్డు ప్రాంతంలో తన భూమినయినా ప్రైవేటు గనులవాళ్ళకి లీజుకివ్వకూడదని తీర్పు చెప్పింది.

“మరి ఆ మేడలేమిటి?” అని రోడ్డువార చూపించింది వదిన.

డ్రైవరు నవ్వాడు. “పేరు మావోళ్ళదేనమ్మగారూ. డబ్బు మాత్రం కిందోళ్ళది.”

బినామీ అంటే పేరు లేనిదని అర్థం. ఇక్కడ పేరుకేం లోటు లేదు, మనిషికే లోటు. కాగితం మీద యజమాని అయినవాడు అదే మేడలో ఉదయాన్నే దుప్పట్లు మడతపెట్టి, గదులు ఊడ్చి, రాత్రికి కొండమీది తన ఇంటికి పోతాడు. ఇంటి మీద పేరుంది గాని ఇంట్లో చోటు లేదు. దీన్నేమనాలో మీరే చెప్పండి. ఆక్రమణ అన్న మాట ఆ మేడ ముందు నుంచి ఎందుకో తలొంచుకుని పోతుంది. కొండమీది గుడిసె దగ్గర మాత్రం తలెత్తుకు నిలబడుతుంది.

అలాగని వన్ సెవెంటీ నీడలో అందరూ చల్లగా ఉన్నారనీ అనలేను. మూడు తరాల కిందట వచ్చి బట్టలు కుట్టో, క్షవరం చేసో బతుకుతున్న కుటుంబాలున్నాయి. పుట్టిన గది కూడా వాళ్ళ పేరున పడదు. అడవి చట్టం గిరిజనేతరులకి తలుపు తీసింది గాని, మూడు తరాలంటే డెబ్భై అయిదేళ్ళ నివాసం చూపించాలంది. కత్తెర పట్టుకు వచ్చిన తాత రేషను కార్డు ఎవరు దాచి ఉంచుతారు?

ఇక ఆ కొండమీది గుడిసె కథ. 1882లో మద్రాసు అటవీ చట్టం రాగానే, తాతముత్తాతల నాటి నుంచీ పోడు కొట్టుకుంటున్నవాళ్ళు తెల్లారేసరికి నేరస్థులైపోయారు. వాళ్ళెక్కడికీ కదల్లేదు. గీతే వచ్చి వాళ్ళ కాళ్ళ కింద పడింది. కట్టెపుల్లకీ మేతకీ ఆంక్షలు, రోడ్లు వేయడానికి వెట్టి. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేచిందంటే ఆ మంట పొయ్యిలోంచి వచ్చిందే. 2022లో ఆయన పేరుతో జిల్లా ఏర్పడి, అరకు అందులో చేరింది. ఆయన పేరు ఊరి బోర్డుల మీదకెక్కింది గాని, ఆ పోడు తగాదా ఇంకా తెగలేదు.

తోవలో ఒక ఊళ్ళో మంచినీళ్ళకి ఆగాం. వాకిట్లో చోళ్ళు ఎండబెట్టుకుంటున్న ఒకావిడ నీళ్ళిచ్చి, వదిన చేతి గాజులు చూసి నవ్వింది. మాటల్లో, ఆ పైనున్న చెక్క తమదేనంది.

“అడవోళ్ళు మమ్మల్ని ఆక్రమణదార్లన్నారమ్మా. మా మావ నాటిన పనస సెట్టుంది అక్కడ. దాన్నడగమన్నాం.”

హాస్యానికన్నమాట కాదది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సరిగ్గా అలాంటి సాక్ష్యాన్నే ఒప్పుకుంటుంది. పొలానికి వేసిన గట్లు, పాత బావి, పెద్దల సమాధులు, ఊరి ముసలివాళ్ళ నోటిమాట, ఇవన్నీ రుజువులే. అర్జీ ముందు వెళ్ళేది ఆఫీసుకి కాదు, గ్రామసభకి. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి నాలుగు హెక్టార్లు మించకుండా పట్టా ఇస్తారు. అమ్మడానికి వీల్లేదు గాని పిల్లలకి వస్తుంది. గిరిజనులకి చారిత్రకంగా అన్యాయం జరిగిందని చట్టం తన పీఠికలోనే చెప్పుకుంది.

అయినా భయం పూర్తిగా పోలేదు. 2019 ఫిబ్రవరి 13న, అర్జీలు తిరస్కరించబడినవాళ్ళని అడవుల నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దేశం మొత్తం మీద లక్షల కుటుంబాల మాట అది. అదే నెల 28న ఆ ఉత్తర్వును కోర్టే నిలిపింది. ఆ పదిహేను రోజులూ కొండల్లో ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది? అడవి మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఆ కేసు వేశారు. చెట్టు కొట్టేస్తే కొండ బోడి అవుతుందన్నది అబద్ధమూ కాదు. కాని కొండ తనదన్న ధైర్యం ఉన్నవాళ్ళే దాని మీద మిరియం తీగ పాకిస్తారు, కాఫీ మొక్క నాటి మూడేళ్ళు కాపు కోసం కాచుకుంటారు. రేపు తరుముతారేమోనన్నవాళ్ళు ఈ ఏటి పంట ఒక్కటే చూసుకుంటారు.

ఆవిడ లోపలికెళ్ళి ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో పట్టా.

“నా పేరు ఏ కాడుందో సూపించమ్మా.”

చూపించాను. భర్త పేరు పక్కనే ఉంది. చట్టంలోనే ఉందా మాట, పెళ్ళయినవాళ్ళయితే పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని. ఆవిడ వేలు ఆ అక్షరాల మీద పెట్టి అలాగే ఉంచింది. చదువు రాదు. కాని వచ్చిన ప్రతివాళ్ళచేతా ఆ చోటు చూపించుకుంటుందట.

భర్త పోయి రెండేళ్ళయింది. కర్మకాండలు అవగానే మరిది వచ్చి, ‘మా అన్న పోయాడు కదా, నువ్వు నీ కన్నోరింటికి పో’ అన్నాడట.

“పెద్దలందరినీ పిలిపించాను. బడి మాస్టారు కాగితం సదివారు. పేరు నాదుంటే ఎక్కడికెల్తానమ్మా?”

హిందూ వారసత్వ చట్టం గిరిజనులకి వర్తించదు. 1986లో మన రాష్ట్రంలో, 2005లో దేశమంతటా ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వచ్చిన సమానహక్కు ఈవిడ గుమ్మం దాకా రాలేదు. కాగితంలోని ఆ ఒక్క పంక్తే ఆవిణ్ణి ఆ గుమ్మంలో నిలబెట్టింది. అడవి దృష్టిలో ఆక్రమణదారు, మరిది దృష్టిలో ఆక్రమణదారు. ఇద్దరికీ ఒకే జవాబు ఆ ప్లాస్టిక్ కవరులో ఉంది.

కొండవాలు రేకుల ఇళ్ళకైనా, లోయలోని గుడిసెకైనా నేననేదదే. పడగొట్టేముందు ఆ మనిషి ఎప్పటినుంచి ఉందో, ఎక్కడికి పోతుందో అడగండి. కాగితం ఇచ్చేటప్పుడు ఆవిడ పేరు మరిచిపోకండి.

తిరుగు ప్రయాణంలో వదిన చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూచుంది. అరకులో పది సెంట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. బొర్రా దగ్గర పడుతూండగా మాత్రం హఠాత్తుగా తిరిగి, “ఏమండీ, మన ఫ్లాటు ఎవరి పేరుమీదుంది?” అంది.

అన్నయ్య నోరు తెరిచేలోగా సొరంగం వచ్చింది. ఆ దారిలో సొరంగాలు యాభైకి పైనే ఉన్నాయి. అన్నయ్యకి అవి చాలలేదు.