చీకటి ఉండగానే కనబడే పూలు



మందిరం తూర్పు పక్కన, సమాధుల తోటకు వెళ్ళే దారి పొడవునా తెల్లపూల మొక్కలు వేశామని ఇక్కడున్నవాళ్ళకు తెలుసు. హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉన్న మన సంఘబిడ్డలు ఫొటోలు పెట్టమని అడుగుతున్నారు. పెడతాం. దానికంటే ముందు ఆ తోట ఎలా వచ్చిందో, అందులో మేము ఎక్కడ తప్పిపోయామో రాయాలి. మేము అంటే మా ఇంట్లో ఇద్దరమూ.

ఆలోచన ఈస్టరుది. ఏటా ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకే సమాధుల దగ్గర కూడుకుంటాం కదా. ఆ వేళ ఎర్ర మందారం ఎంత విరగబూసినా నల్లగానే ఉంటుంది. తెలుపు ఒక్కటే కంటికి ఆనుతుంది. మల్లె, సన్నజాజి సాయంత్రం విచ్చుకుని రాత్రంతా వాసన వెదజల్లేది చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కోసమే. మగ్దలేనే మరియ కూడా వెలుగు రాకముందే బయలుదేరింది. ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం చదివినప్పుడల్లా ఆ తోటలో ఆ పూట ఏం పూసి ఉంటుందో అని మా ఇంట్లో ఒక చర్చ నడుస్తుంది. దానికి జవాబు లేదనుకోండి.

ఈ సంగతి పెద్దల కూటంలో చెప్పినప్పుడు ఒకాయన అన్నారు: "అన్నీ తెల్లవే ఎందుకయ్యగారూ? ఎరుపూ పసుపూ కలిస్తేనే కళ. ఇదేమో విధవరాలి చీర ఆరేసినట్టుంటుంది." అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. బాప్తిస్మానికి వచ్చేవాళ్ళ బట్టలు తెలుపు, మన పెళ్ళికూతురి చీర తెలుపు, పెట్టెలో పరిచే గుడ్డ తెలుపు. ప్రకటన ఏడో అధ్యాయంలో సింహాసనం ఎదుట నిలబడ్డ జనసమూహానిదీ తెలుపే. ఇదంతా గబగబా చెప్పి ఒప్పించాం. వెనక చాప మీద ఎవరు కూర్చున్నారో చూసుకోలేదు.

ఇక తోట పని. మొదటి ఏడాది చేసినవన్నీ తప్పులే. సున్నం వేసిన మందిరం గోడ పొడుగునా నందివర్ధనం నాటాం. తెల్లగోడ ముందు తెల్లపువ్వు కనబడదని పూసిన తర్వాత గానీ తెలియలేదు! పైగా గోడ నుంచి రాలిన సున్నం మొదళ్ళలో చేరి పక్కనున్న మల్లె ఆకులు పసుపు తిరిగాయి. పారిజాతం ఎంతో ఇష్టంగా పెట్టాం. అది వానల్లో మొదలై చలికాలం దాకా పూస్తుంది, ఈస్టరుకు ఒక్క పువ్వుండదు. తెల్ల చామంతీ అంతే, క్రిస్మస్‌కే దాని కథ అయిపోతుంది. ఒక సహోదరుడు ప్రేమతో తెచ్చిచ్చిన రాధామనోహరం గేటు మీదికి పాకించాం. సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి గులాబి రంగు, ఆ తర్వాత ఎరుపు. మా పెద్దాయన కోరిన ఎరుపు అలా వచ్చేసింది. తీసెయ్యలేదు.

తర్వాత ఫోనులో ఇంగ్లండు తోట ఒకటి చూశాం. కెంట్ ప్రాంతంలో సిస్సింగ్‌హర్స్ట్ అనే చోట వీటా సాక్‌విల్ వెస్ట్ అనే రచయిత్రి 1950 ప్రాంతంలో వేసిన తెల్లపూల తోట అది. అక్కడ తెలుపు ఎంత ఉందో, ముదురు ఆకుపచ్చా బూడిదరంగు ఆకులూ అంతకంటే ఎక్కువే ఉన్నాయి. ఆ బూడిదరంగు మనకు దవనంలో దొరికింది. చిత్రమేమిటంటే దవనానికి దగ్గర చుట్టాలైన మొక్కలే అక్కడా ఉన్నాయి. నందివర్ధనాన్ని గోడ నుంచి నాలుగడుగులు ముందుకు జరిపి, వెనక గోరింట కంచె పెట్టాం. ఇప్పుడు ఆ పచ్చదనం ముందు పూలు కనబడుతున్నాయి. నీళ్ళకు బోరు చాలదు గనుక బాప్తిస్మపు తొట్టి నీళ్ళు కూడా మల్లెలకే వదులుతున్నాం.

రెండో ఏడు మార్చిలో మల్లె మొదటిసారి బాగా పూసింది. ఆదివారం ఆరాధనకు ముందు ఆడపిల్లలు కోసుకుని అరటినారతో కట్టుకుంటున్నారు. కొన్ని సంఘాల్లో స్త్రీలు పూలే పెట్టుకోరు, మనకు ఆ నియమం లేదు. ఆరేళ్ళ పాప ఒకతె జానెడు దండ కట్టి, పరుగున వెళ్ళి కూర్చున్న తల్లి జడలో పెట్టింది. ఆ సహోదరి భర్తను మేమే సమాధి చేసి అప్పటికి ఏడాదిన్నర. మెట్ల మీద నుంచి ఒక గొంతు: "పాపకు తెలియకపోతే తల్లికైనా తెలియొద్దా?" ఆమె పూలు తీసి చీరకొంగులో దాచుకుంది. అప్పుడు మాలో ఒకరం మైకు వైరు చూస్తున్నాం, ఒకరం చాపలు పరుస్తున్నాం. ఇద్దరికీ వినబడింది. ఇద్దరం తలెత్తలేదు. ఆ రోజు ప్రసంగం బాగుందని చాలామంది అన్నారు.

మూడు ఆదివారాలు ఆమె రాలేదు. ఇంటికి వెళ్ళాం. మంచినీళ్ళిచ్చి, కాసేపు ఊరుకుని అంది: "ఆ మాటన్నావిడ మీద నాకేం లేదయ్యగారూ. మా అత్తగారూ అదే అంటుంది. మీరిద్దరూ అక్కడే ఉన్నారు గదా, ఏమైనా అంటారేమోనని చూశాను." ప్రార్థన చేద్దామా అని అడగడానికి కూడా మాకు నోరు రాలేదు.

తర్వాతి ఆదివారం సంఘం ఎదుట మా తప్పు ఒప్పుకున్నాం. విధవరాలు పూలు ముడవకూడదని మన వాక్యంలో ఎక్కడా లేదని, అది మనం గుడిలోకి మోసుకొచ్చిన ఆచారమని చెప్పాం. కొందరు తలూపారు. రెండు కుటుంబాలు ఇప్పటికీ మాతో ముభావంగానే ఉన్నాయి. వాళ్ళూ ఇది చదువుతారని తెలుసు, అయినా రాస్తున్నాం.

ఆ సహోదరి పూలు పెట్టుకోవడం లేదు. పెట్టుకోమని మేము అడగలేదు, అడగం కూడా. అయితే మల్లెల పని ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. పెళ్ళికి ముందు మల్లెతోటల్లో కూలికి వెళ్ళిన మనిషి. డిసెంబరు చివర నీళ్ళు ఆపించింది. పక్కవీధి గొర్రెలను తోలించి ఆకంతా మేపించింది. మిగిలిన కొమ్మలను మోకాటి ఎత్తుకు కత్తిరించింది. గొర్రెల గురించి ఇరవై ఏళ్ళుగా ప్రసంగిస్తున్నాం, వాటితో ఇలాంటి పని ఉంటుందని మాకు తెలియదు. తోట చచ్చిపోయిందని హడలిపోయాం. ఫిబ్రవరిలో చిగురేసింది, ఇప్పుడు కొమ్మకొమ్మకూ మొగ్గ.

కంచె వెంబడి తెల్లగన్నేరు వేద్దామంటే ఆమె వద్దంది, గొర్రెలు నోరు పెడితే విషమని. కాబట్టి ఎవరింట్లోనైనా సన్నజాజి అంటు ఉంటే శనివారం తీసుకురండి. గునపం కూడా తెచ్చుకోండి. గుడిలో ఉన్నదానికి పిడి ఊడింది.