ముచ్చిలిగుంట

అమరసింహుడు మనుష్యవర్గంలో మెడ వెనుక భాగానికి మూడు పేర్లు చెప్పాడు: అవటువు, ఘాట, కృకాటిక. మొత్తం మెడకు గ్రీవ, శిరోధి, కంధర అని మరొక మూడు. అంతటితో తనివి తీరక, మెడ వెనుక నడిచే సిరకు మన్య అని వేరే పేరు. అమరం వల్లె వేసే వయస్సులో ఇన్ని పేర్లు చూసి విసుక్కొనేవాళ్ళం. అరవై దాటాక ఆ చోటే తనంత తానుగా నన్ను పలకరించింది. అప్పటి నుండి ఆ పేర్లన్నిటి మీదా గౌరవం కలిగింది.

తెలుగులో ఈ గుంటకు ముచ్చిలిగుంట అని చక్కని పేరున్నది. మ్రుచ్చిలు అంటే దొంగిలించు కదా! జుట్టు కింద దొంగలా దాగిన గుంట గనుక ఆ పేరు వచ్చిందేమోనని నాకొక ఊహ. ఇది వ్యుత్పత్తి కాదు, ఉద్యోగం చాలించిన తెలుగు పంతులు సరదా మాత్రమే. దయచేసి ఎవరూ దీనిని ప్రమాణంగా ఎత్తి చూపవద్దు.

మిత్రులారా, ఇది చదువుతూనే రెండు వేళ్ళు పెడతల మీద పెట్టండి. నడుమ ఒక చిన్న ఎముక బొడిపె తగులుతుంది. కొందరికి స్పష్టంగా, కొందరికి లీలగా. అక్కడి నుండి వేళ్ళను నెమ్మదిగా కిందికి జార్చండి. ఎముక అంతమై మెత్తని పల్లం వస్తుంది. అదే ముచ్చిలిగుంట. దానికి అటూ ఇటూ రెండు మోకుల వంటి కండరాలు నిలువునా దిగుతాయి. ఇంకా కిందికి పోయి, గడ్డం రొమ్ముకు ఆనేటట్లు తల వంచితే మెడ మొదట్లో ఒక గట్టి గుబ్బ పైకి లేస్తుంది. సాధారణంగా అది ఏడవ మెడపూస. పై బొడిపెకూ ఈ గుబ్బకూ నడుమ ఉన్న జానెడు చోటే ఈ వ్యాసానికి వస్తువు.

మన భాష ఈ వెనుక వైపు పట్ల కొంత నిర్దయగానే ఉన్నదని నా ఫిర్యాదు. 'పెడ' అనే మాట చేరిన పదాలను చూడండి. పెడచెవి, పెడమొగం, పెడదారి, పెడసరం, పెడర్థం. వెనుకదంతా చెడ్డదే అయినట్లు! సంస్కృతంలో అర్ధచంద్రప్రయోగమనే ముచ్చటైన మాట ఒకటున్నది. బొటనవ్రేలు ఒక వైపు, తక్కిన వ్రేళ్ళు ఒక వైపు చాచి, నెలవంక ఆకారంలో మెడ పట్టి బయటికి గెంటడం. ఇంత అందమైన పేరు పెట్టి చేసిన పని అది. ఇక కవులు శంఖం వంటి కంఠాన్నీ, దాని మీది మూడు రేఖలనూ వర్ణించి విడిచారు. మనుష్యులను తల నుండి కిందికీ, దేవతలను పాదాల నుండి పైకీ వర్ణించాలని సంప్రదాయం. ఎటు నుండి వచ్చినా మెడ ముందు వైపు నుండే సాగిపోయారు. వెనుక భాగం కొప్పు కిందనో జడ కిందనో ఉండిపోయింది. కూచిపూడి భామాకలాపంలో మాత్రం సత్యభామ ముఖం చూపకముందే తెర మీదుగా జడ వేస్తుంది. అంతమంది ప్రేక్షకుల ముందు వెనుక వైపుకు అగ్రతాంబూలం దక్కిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

కంధర అంటే తలను ధరించేది. 'కం' అనే మాటకు శిరస్సు అని కూడా అర్థం. శిరోధి అన్నా అదే భావం. పాశ్చాత్య శరీరశాస్త్రం మెడలోని మొదటి పూసకు అట్లాస్ అని పేరు పెట్టింది. గ్రీకు పురాణంలో ఆకాశాన్ని భుజాల మీద మోసిన మహాకాయుడతడు. మన ఆదిశేషునికి దాయాది అనుకోవచ్చు. ఒకరినొకరు ఎరుగకుండానే రెండు సంప్రదాయాలూ ఆ చోటికి బరువు మోసే ఉద్యోగమే ఇచ్చాయి. ఆ బరువు పెద్దవారిలో సుమారు 4.5 నుండి 5 కిలోలు. పది తలలు మోసిన దశకంధరుని సంగతి తలచుకొంటే ఈ వయస్సులో నాకు అతని మీద జాలి కలుగుతున్నది.

మెడలో పూసలు 7. జిరాఫీకీ ఏడే, చుంచెలుకకూ ఏడే. క్షీరదాలలో స్లాత్, మానటీ వంటి ఒకటి రెండు జంతువులు తప్ప అన్నీ ఈ నియమానికి లోబడినవే. అయితే ఈ ఏడు పూసల చోట వెన్నుపాము నుండి వెలువడే నరాలు 8 జతలు. మొదటి జత మొదటి పూసకు పైనుండే వస్తుంది గనుక ఒకటి ఎక్కువైంది. ఎనిమిది అని వ్రాసిన పిల్లవాడికి సున్నా వేయబోయి ఆగిన సైన్సు మాస్టారు ఒకరు నాకు సహోద్యోగి.

మొదటి పూస మీద తల ముందుకూ వెనుకకూ ఊగుతుంది. అది 'అవును'. రెండవ పూస నుండి పన్ను వంటి కొమ్ము ఒకటి పైకి లేచి, మొదటి పూస వలయంలో ఇరుసులా నిలుస్తుంది. దాని చుట్టూ తల అటూ ఇటూ తిరుగుతుంది. అది 'కాదు'. మెడ మొత్తం తిరుగుడులో దాదాపు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరుగుతుంది. మరి మన తెలుగువారి తల ఆడింపు ఏ కీలుది? పక్కలకు ఊపుతూ, అవునో కాదో ఎదుటివాడికి అంతుపట్టకుండా చేసే ఆ విద్యలో కింది పూసలన్నీ తలా కాస్త పాలు పంచుకొంటాయి. సమష్టి బాధ్యత అన్నమాట. నందికేశ్వరుడు అభినయదర్పణంలో గ్రీవాభేదాలు నాలుగు చెప్పాడు. సుందరి, తిరశ్చీన, పరివర్తిత, ప్రకంపిత. నాట్యం నేర్చే పిల్లలు ఈ నాలుగూ సాధన చేస్తుంటే, పూసలు ఎంత సున్నితంగా ఒకదానిపై ఒకటి జారుతున్నాయో చూసి ఇప్పుడు ఆశ్చర్యపోతుంటాను.

ఎద్దు మెడలో ఒక ఏర్పాటున్నది. తల వెనుక నుండి మూపు దాకా పసుపుపచ్చని, రబ్బరులా సాగే బలమైన బంధనం ఒకటుంటుంది. గడ్డి మేయడానికి తల దించితే అది సాగుతుంది. ఎత్తేటప్పుడు తనంతట తానే ముడుచుకొంటూ తలను పైకి లాగుతుంది. పశువుకు గంటల తరబడి మేసినా మెడ నొప్పి రాకపోవడానికి అదొక కారణం. మనకూ అదే చోట అదే బంధనం ఉన్నది గానీ, సాగే గుణం చాలవరకు పోయి పలుచని పొరగా మిగిలింది. నిటారుగా నిలిచే జాతికి అంత అవసరం లేదు కాబోలు! ఆ తరువాత మనం పుస్తకాలూ, కుట్టుమిషన్లూ, సెల్‌ఫోన్లూ కనిపెట్టుకొని మళ్ళీ తల దించాము. ఇప్పుడు ఆ బరువంతా కండరాలే పట్టి ఉంచాలి.

ఆ కండరాలు పొరలు పొరలుగా ఉంటాయి. పైన పెడతల నుండి భుజాల దాకా, వీపు నడుమ దాకా పరచుకొన్న వెడల్పాటి కండరం. దాని కింద ఇందాక వేళ్ళకు తగిలిన మోకులు. అన్నిటికంటె అడుగున, తలకూ మొదటి రెండు పూసలకూ నడుమ, నాలుగు జతల బుల్లి కండరాలు. వీటికి బలం స్వల్పం, తెలివి అధికం. తల ఏ వైపు ఎంత వంగి ఉన్నదో క్షణక్షణం మెదడుకు కబురు పంపే సూక్ష్మేంద్రియాలు వీటిలో చాలా దట్టంగా ఉన్నాయి. ఆ కండరాల నడుమనే మెదడుకు నెత్తురు తీసుకొనిపోయే రెండు ధమనులు, మొదటి పూస మీదుగా మెలిక తిరిగి కపాలంలోకి దూరుతాయి. కొన్ని క్షౌరశాలలలో క్షవరం కాగానే తల పట్టుకొని ఠక్కుమని తిప్పే మర్దన ఒకటున్నది. దానివల్ల ఆ ధమని గోడ చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదుగానే అయినా వైద్యగ్రంథాల కెక్కాయి. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాలలో రెండు కృకాటికలు, సరిగ్గా తలా మెడా కలిసే చోట. అక్కడ దెబ్బ తగిలితే తల నిలకడ తప్పి ఊగుతుందన్నాడు. అంత పాత హెచ్చరిక ఉండగా ఆ ఠక్కుమనే సుఖం మనకెందుకు?

ఉపాధ్యాయుడికి పిల్లల ముఖాలే తెలుస్తాయని లోకం అనుకొంటుంది. ఉక్తలేఖనం చెబుతూ వరుసల వెనుక నడిచేటప్పుడు నాకు కనబడినవి మెడలే. ఒకటి నూనె కారుతూ, ఒకటి పౌడరు చారలతో, ఒకటి తాయెత్తు నల్లదారంతో. వంగి వ్రాస్తున్న మెడ చూసి ఎవరికి అక్షరం తోచడం లేదో చెప్పగలిగేవాణ్ణి. తొమ్మిదవ తరగతిలో ఒక కుర్రవాడి మెడ వెనుక చర్మం నల్లబడి, దళసరిగా కాయ కట్టి ఉండేది. కాడి మోసిన ఎడ్లకు తప్ప పిల్లవాడికి అటువంటిది నేను చూడలేదు. అడిగితే తెలిసింది, తెల్లవారుజామున మిల్లు దగ్గర లారీలకు ధాన్యం బస్తాలు ఎత్తే పనికి తండ్రితో పోతున్నాడని. మా డెల్టా ప్రాంతంలో బస్తా అంటే 75 కిలోలు. తండ్రిని పిలిచి మాట్లాడాను. ఆయన తల వంచుకొని విన్నాడు. ఆయన మెడ మీదా అదే కాయ. సంక్రాంతి సెలవుల తరువాత కుర్రవాడు బడికి రాలేదు.

మొన్నీమధ్య బస్టాండులో కనిపించాడు. ఇప్పుడు ముఠా మేస్త్రి. నా మెడకున్న పట్టీ చూసి, "ఇదేంటండీ మాస్టారూ! బస్తాలు మోసిన నా మెడ బాగానే ఉంది, కాగితాలు దిద్దిన మీ మెడ పట్టేసిందా అండీ?" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. అయితే నా సంచీ బస్సు పైకి అందించేటప్పుడు అతడు కుడిచెయ్యి భుజం దాటి ఎత్తలేదు, ఎడమచేతికి మార్చుకొన్నాడు. తలమీదా మెడమీదా బరువులు మోసేవారిలో పూసల అరుగుదల ఎక్కువగా ఉంటుందని వైద్యులు గమనించిన సంగతి ఆ తరువాత చదివాను.

ఇక నా పట్టీ సంగతి. మొదట కుడి బొటనవ్రేలూ చూపుడువ్రేలూ తిమ్మిరెక్కాయి. కలం జారిపోసాగింది. 'క్ష' వ్రాయబోతే ఒత్తు గీత దాటి పోయేది. ముప్పై అయిదేళ్ళు నల్లబల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలని పేరు పొందిన చేయి అది. తిమ్మిరి కంటె ఆ అక్షరాలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. పట్టణంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఎమ్మారై తీయించారు. చూసిన వైద్యుడు నా చేయి తాకకుండానే, అయిదవ ఆరవ పూసల నడుమ బిళ్ళ జారిందనీ, శస్త్రచికిత్స చేయాలనీ చెప్పి తేదీ వ్రాశాడు. అదీ గొంతు ముందు నుండి కోస్తారట! నొప్పి వెనుక, కత్తి ముందు. వింతగా తోచింది గానీ, దానికి కారణమున్నది. బిళ్ళలు పూసల ముందు భాగంలో ఉంటాయి, వెనుక నుండి వెళితే వెన్నుపాము అడ్డం వస్తుంది.

మరొక ఊరిలో ఒక వృద్ధ వైద్యుని చూశాను. ఆయన ముందుగా, "చొక్కా గుండీలు మీరే పెట్టుకొంటున్నారా?" అని అడిగాడు. గీత మీద అడుగులో అడుగు వేసి నడిపించాడు. చిన్న సుత్తితో మోచేతి మీదా మోకాలి మీదా తట్టాడు. అప్పుడు చిత్రం చూశాడు. నలిగినది పక్కకు పోయే నరం మొదలే గానీ వెన్నుపాము కాదనీ, ఇటువంటివి చాలావరకు కొన్ని వారాలలో, నెలలలో వాటంతటవే నెమ్మదిస్తాయనీ చెప్పాడు. అరవై దాటిన వారిలో ఏ బాధా లేని మనిషికి చిత్రం తీసినా ఈ అరుగుదల కనిపించడం మామూలేనట. నడక తూలినా, రెండు చేతులూ మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఒక్కరోజు ఆగవద్దన్నాడు. అది వెన్నుపాము నలుగుతున్న గుర్తు. ఈ వాక్యం కోసమైనా ఈ వ్యాసం ఎవరికైనా పనికి వస్తుందని వ్రాస్తున్నాను.

నాలుగు నెలలకు తిమ్మిరి బొటనవ్రేలి కొసకు పరిమితమైంది. వ్యాయామాలు సాగుతున్నవి. పట్టీ ఇప్పుడు ప్రయాణాలకు మాత్రమే. రోజూ ఉదయం ఒక పుట చూచివ్రాత వ్రాస్తున్నాను, రెండు గీతల నోటుపుస్తకంలో. మా మనుమరాలు ఎర్రకలంతో పదికి ఆరు వేస్తున్నది. నిన్న 'ళ' బాగా కుదిరిందని ఆరున్నర ఇచ్చింది.

ఈ అక్షరాలు కీబోర్డు మీద కొడుతున్నవే. వైద్యుని మాట ప్రకారం తెరను కంటి మట్టానికి ఎత్తి పెట్టుకొన్నాను, కింద రెండు బరువైన నిఘంటువులు ఆసరా. 2014లో కెన్నెత్ హంస్‌రాజ్ అనే న్యూయార్కు శస్త్రవైద్యుడు లెక్క కట్టి, తల 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలన్నాడు. పత్రికలన్నీ దాన్ని మోతగా మోగించాయి. అది గణితపు నమూనాలో వచ్చిన అంకె, మనుష్యుల మెడలలో కొలిచినది కాదు. అంకె అటూ ఇటూ అయినా వంగినకొద్దీ భారం పెరగడం నిజమే. కాయమూ శిరస్సూ మెడా ఒక వరుసలో నిలపాలని భగవద్గీత ఆరవ అధ్యాయం ధ్యానానికి చెప్పిన విధి, టైపు చేయడానికి కూడా వర్తిస్తుంది.

ఒక చిన్న కోరిక. తలంటు కాగానే మా అమ్మమ్మ, "ఒరేయ్, ముచ్చిలిగుంట తుడుచుకోరా, పడిసెం పడుతుంది" అని వెంటబడేది. ఇప్పుడు వ్యాయామం చేయించే అమ్మాయికి ఈ మాట చెబితే, "అదెక్కడుంటుంది సార్?" అన్నది. ఆమెది రాయలసీమ. వాళ్ళ ఊళ్ళో ఏమంటారని అడిగితే, "మెడ ఎనక" అని ఊరుకొన్నది. మీ వైపు ఈ గుంటకు వేరే పేరున్నదా? తెలంగాణ మిత్రులు, ఉత్తరాంధ్ర మిత్రులు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలియజేస్తే వ్రాసి పెట్టుకొంటాను. చేతివ్రాతతోనే.