గరికపాడు గిత్తలు

బెజవాడ నుంచి హైదరాబాదు పోయే బస్సులో నందిగామ దాటగానే చాలామంది కునుకు తీస్తారు. జగ్గయ్యపేటకు చేరువలో, పాలేటి ఒడ్డున ఉన్న గరికపాడు వారికి ఒక చెక్‌పోస్టు మాత్రమే. 2024 సెప్టెంబరు వరదల్లో ఇక్కడి పాలేటి వంతెన దెబ్బతిన్నప్పుడు ఊరి పేరు పత్రికలకెక్కింది. తరువాత మళ్ళీ మామూలే.

కృష్ణా జిల్లా అనగానే పచ్చని వరిచేలూ, కాలవగట్లూ కళ్ళకు కడతాయి. ఇది ఆ సీమ కాదు. 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్టలో ఉన్నది పత్తి, మిరప, కంది. సాగర్ ఎడమకాలవ వచ్చి కొంత దాహం తీర్చింది గాని, అంతకుముందు తరాలన్నీ మబ్బునూ, ఎద్దునూ నమ్ముకుని బ్రతికినవే.

జగ్గయ్యపేట దగ్గర ధనంబోడు అనే గుట్ట ఉన్నది. 1882లో బర్గెస్ దొర అక్కడ బౌద్ధస్తూపాన్ని తవ్వించాడు. అందులో దొరికిన సున్నపురాతి పలక ఒకటి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నది. దాని వయస్సు సుమారు రెండువేల ఏళ్ళు. చక్రవర్తి చేయెత్తి నిలబడితే మబ్బుల్లోనుంచి నాణేలు వాన కురుస్తున్నాయి. చుట్టూ ఆయన సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, ఇల్లాలు, గృహపతి, మంత్రి. ఇల్లాలినీ, మేలుజాతి గుర్రాన్నీ ఒకే వరుసలో ఎంచారు మనవాళ్ళు! అయితే ఆ గుర్రానికి దాణా ఎవరు పెట్టారో శిల్పి చెక్కలేదు.

గుర్రం రాజులది. మెట్టరైతుకు ఎద్దే గుర్రం. ఇదే రోడ్డు పట్టుకుని పోతే హైదరాబాదులో మలకపేట మైదానం వస్తుంది. అక్కడ గుర్రాలు పరుగెత్తుతాయి, ఇక్కడ ఒంగోలు గిత్తలు బండ లాగుతాయి. గిత్త నోరు తెరిచి పళ్ళు చూసి తరగతి కడతారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు, ఆరు, అలా పైకి. తరగతిని బట్టి బండ బరువు. ఇచ్చిన వ్యవధిలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానిదే పందెం. సముద్రాలు దాటి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో మందలు మందలుగా పెరుగుతున్నది ఈ జాతే సుమా!

గరికపాడు సమీపంలో ఒక రైతు ఇంటికి నా శిష్యుడు నన్ను తీసుకువెళ్ళాడు. చావడిలో ట్రాక్టరు, దాని పక్కన కొట్టంలో తెల్లటి గిత్తల జత. నెత్తిన చొప్పకట్టతో వచ్చిన డెబ్బయ్యేళ్ళ ఇల్లాలు కట్ట దించి, “కూర్చోండి పంతులుగారూ, వీటి పని చూసి వస్తాను” అన్నది. చుట్టాలకు మంచినీళ్ళు ఆ తరువాతే!

పొయ్యిమీద పెద్ద డేగిసాలో ఉలవలు ఉడుకుతున్నాయి. గుగ్గిళ్ళు గిత్తలకు, వార్చిన కట్టు ఇంటికి. ఆ కట్టు చింతపండుతో మరిగితే అదే మన పెళ్ళివిందుల్లో గొప్పగా వడ్డించే ఉలవచారు. ఇంగ్లీషులో ఉలవలకు ‘హార్స్ గ్రామ్’ అని పేరు. గుర్రం తిన్నా ఎద్దు తిన్నా, రసం మాత్రం మనదే.

“ఇంటికి వచ్చిన ఏడే మామగారు పలుపుతాడు చేతిలో పెట్టారు. ముగ్గురు పిల్లల్నీ కొట్టంలో ఉయ్యాల కట్టే పెంచాను” అన్నది ఆమె. ఇప్పుడు దున్నకానికి ఎడ్లు అక్కరలేదు. ఖర్చు చూస్తే కొడుకుకు గుండె గుభేలుమంటుంది. మనుమరాలి చదువుకు డబ్బు కావాలి, జతను అమ్మేద్దామంటాడు.

“అమ్ముతారా?” అని అడిగాను.

“అవసరం వస్తే అమ్మనూ? పిల్లదాని చదువుకన్నా ఎక్కువా? పెద్దమ్మాయి పెళ్ళికి ఒక జతను అమ్మాను నాయనా” అంటూ ఆమె చెప్పిన సంగతి ఇది.

మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళు ఈ ప్రాంతానికంతకూ పండుగ. ఆ తల్లి కథ కూడా రైతింటి కథే. అనిగండ్లపాడులో పుట్టి, కోడలై వచ్చి, అత్తింటి ఆరళ్ళు పడి, జబ్బుచేస్తే పశువుల కొట్టంలో పడుకున్నదంటారు. భర్త గోపయ్య మందను మేపబోయి పులివాత పడితే అగ్నిలో ప్రవేశించిందంటారు. రెండేళ్ళకొకసారి ఆ విగ్రహాలను రంగులు వేయించడానికి ఊరేగింపుగా జగ్గయ్యపేట తీసుకువస్తారు.

అమ్మిన మరుసటి ఏడు ఈమె ఆ తిరునాళ్ళకు వెళ్ళింది. పందెంలో తన గిత్తలు, పగ్గం వేరొకరి చేతిలో. ఆమె ముందుకు పోలేదు. జనం వెనకాల, గాలి వాలు చూసుకుని నిలబడిందట.

“నా వాసన తగిలితే ఆగిపోతాయి బాబూ. కొన్నవాడు నష్టపోడూ?”

“గెలిచాయా?” అన్నాను.

“అది చూడలేదు. డొక్కలు చూశాను. నిండుగానే ఉన్నాయి. మేత బాగానే పెడుతున్నారనుకుని, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను” అని, గుగ్గిళ్ళ తట్ట ఎత్తుకుని ఆమె కొట్టంలోకి నడిచింది.