మాత్ర ఒకచోటికి... ఎండేది మరోచోట!

బామ్మగారికి అరవై ఎనిమిదేళ్లు. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది మొదలయ్యాక పెళ్లిళ్లూ పేరంటాలూ మానేసింది. డాక్టరు మాత్ర రాశారు. కొన్నాళ్లకి ఆ ఇబ్బంది తగ్గింది కానీ నోరు పిడచకట్టుకుపోతోంది. ముద్ద దిగదు. దానికితోడు మతిమరుపు. రెండుసార్లు స్టవ్ ఆపడం మర్చిపోయింది.

'మింగింది మూత్రం మాత్ర. ఎండేది నోరా? ఇదేం మందే!' అంది, బీఫార్మసీ చదివే మనవరాలితో.

ఆ పిల్లకి కాలేజీ ప్రాక్టికల్స్ గుర్తొచ్చాయి. కోడిపేగు ముక్కని వెచ్చటి ఉప్పునీటిలో దారంతో వేలాడదీస్తారు. అందులో ఎసిటైల్‌కొలీన్ వేస్తే ముక్క ముడుచుకుంటుంది. ముందుగా అట్రోపిన్ వేసి ఉంచితే, అదే మోతాదుకి ఉలకదు పలకదు.

'మన నరాలు పంపే కబురే ఎసిటైల్‌కొలీన్ బామ్మా. పేగులో, మూత్రాశయంలో, లాలాజల గ్రంథుల్లో, గుండెలో, మెదడులో దాన్ని అందుకునే తలుపులున్నాయి. వాటినే మస్కరినిక్ గ్రాహకాలంటారు. నీ మాత్ర ఆ తలుపులన్నీ మూసేస్తోంది.'

ఈ తలుపులన్నీ ఒకటేనని చాలాకాలం అనుకున్నారు. కాదని తేల్చినవి ఇలాంటి ప్రయోగాలే. ఒక్కో నిరోధక మందు వేసి, దాన్ని దాటుకుని కండరం మునుపటిలా ముడుచుకోవాలంటే ఎసిటైల్‌కొలీన్ ఎన్ని రెట్లు ఎక్కువ కావాలో లెక్కగడతారు. ఆ లెక్క ఒక్కో అవయవంలో ఒక్కోలా వచ్చింది. 1980లలో జన్యువులు కూడా దొరికాక మొత్తం అయిదు రకాలని ఖాయమైంది. ఎం1 నుంచి ఎం5 వరకూ.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. పేగు, మూత్రాశయ కండరాల్లో తలలు లెక్కపెడితే ఎం2లే ఎక్కువ. కానీ కండరాన్ని ముడిచే పని ప్రధానంగా చేసేది, తక్కువగా ఉన్న ఎం3! 2000లో జపాన్ శాస్త్రవేత్తలు ఎం3 లేని ఎలుకల్ని పుట్టించి చూశారు. వాటి మూత్రాశయాలు ఉబ్బిపోయాయి. అంతేకాదు, లాలాజలం చాలక అవి పొడి మేత తినలేకపోయాయి.

'అచ్చం నాలాగే!' అంది బామ్మ.

'అవును. రెండు గదులకీ ఒకటే తాళం. మెదడులో జ్ఞాపకానికి ముఖ్యమైంది మాత్రం ఎం1. దాని జోలికి పెద్దగా వెళ్లని మందులూ వచ్చాయి. నువ్వు మాత్ర మానేయకు. డాక్టరుగారినే అడుగుదాం.'

డాక్టరు మందు మార్చారు. స్టవ్ మర్చిపోవడం తగ్గింది. నోరు ఎండడం మాత్రం పూర్తిగా పోలేదు. రహస్యం తెలిసింది కాబట్టి బామ్మ ఇప్పుడు మందుని తిట్టడంలేదు.

మొన్న మేనకోడలి కూతురి పెళ్లికి బయల్దేరింది. చేతిసంచీలో పట్టుచీరతోపాటు చిన్న నీళ్ల సీసా పెట్టుకుంది.