ముఖం మీద పడే వెలుగు

మా ఇంట్లో గోడకు ఒక ఫొటో ఉంది. నాయన పోయిన తర్వాత, ఆయనదీ యాడిదీ వేరువేరు ఫొటోలు తీసుకుపోయి ఒక స్టూడియోలో కలిపి చేయించాం. అందులో యాడి ముఖం సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. గడ్డం మీది పచ్చబొట్టు లేదు. మచ్చ అనుకుని చెరిపేశారు. చిన్నప్పుడు ఏడ్చుకుంటూ పొడిపించుకున్న బొట్టు అది. "ఫొటో మంచిగనే ఉన్నది గని, మీ నాయన పక్కన కూసున్నది ఎవరురా?" అని యాడి ఇప్పటికీ అడుగుతుంది.

నేను లైట్ మీటరు కోసం తిరగడం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

చిట్యాలలో స్టూడియో మూసేసిన ఒక పెద్దమనిషి దగ్గర యాషికా 635 కొన్నాను. రెండు కళ్ల కెమెరా, పైనుంచి వంగి చూడాలి. 120 ఫిల్ము వేస్తే 12 ఫొటోలు వస్తాయి. దీనికి బ్యాటరీ లేదు, మీటరు లేదు. షట్టరు వేగమూ, లెన్సు ఎంత తెరవాలన్నదీ మనమే చూసి పెట్టాలి. ఆయన బతుకంతా ఎండను కంటితోనే కొలిచాడు. "ఎండల పదహారు మీద పెట్టు, ఫిల్ము స్పీడు ఎంతనో షట్టరు గంత. నీడకు పోతే తెరువు" అని ఒక్క మాటలో చెప్పి కెమెరా చేతిలో పెట్టాడు. ఎండలో ఆ లెక్క తప్పదు. నీడలో ఎంత తెరవాలో ఆయన కంటికి తెలుసు, నా కంటికి తెలియదు.

యాడి ఇప్పుడు రోజూ చీరే కడుతుంది. తాను కుట్టుకున్న ఫేటియా, కాంచళి, టుక్రి ట్రంకుపెట్టెలోంచి బయటికి వచ్చేది తీజ్ పండుగకే. అందుకని శ్రావణంలో, తీజ్ బుట్టలు నిమజ్జనం చేసే రోజు, వేపచెట్టు నీడలో ఆమెను కూర్చోబెట్టి మొదటి రోలు తీశాను. మీటరుగా సెల్‌ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్ వాడాను. ఫిల్ము హైదరాబాదులో కడిగించి చూస్తే బట్టల మీది అద్దాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ముఖం మాత్రం బొగ్గు. తెల్లగా పూసిన ఫొటో ఒకటి ఇంట్లో ఉంది, ఇప్పుడు నల్లగా మాపిన ఫొటోలు పన్నెండు తయారయ్యాయి. మళ్లీ తీయాలంటే ఏడాది ఆగాలి.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఏడాదిలో నేర్చుకున్నాను. కెమెరాలోని మీటరైనా, ఫోను యాప్ అయినా కొలిచేది వస్తువు మీద పడి తిరిగి వచ్చే వెలుగును. ఎదురుగా ఏమున్నా అది మధ్యరకం బూడిద రంగని, అంటే పడ్డ వెలుగులో 18 శాతం తిప్పి పంపేదని లెక్క వేస్తుంది. ఏరిన పత్తి కుప్ప ముందు పెడితే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించమంటుంది. పత్తి బూడిదవుతుంది. బర్రె ముందు పెడితే వెలుగు చాలలేదనుకుని పెంచమంటుంది. బర్రె పాలిపోతుంది. యాడి బట్టల మీది అద్దాలు నీడలో కూడా ఆకాశాన్ని పట్టి చూపిస్తాయి. ఫోను ఆ ఆకాశాన్ని కొలిచింది, ముఖాన్ని చీకట్లో వదిలేసింది.

నల్లటి ముఖాలను వదిలేయడం ఒక్క యాప్ చేసిన పని కాదు. కొడాక్ వాళ్లు ఫొటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి 1950ల నుంచి పంపిన కార్డుల మీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉండేది. వాటికి షర్లీ కార్డులని పేరు. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే ఫొటో బాగా వచ్చినట్టే. మన చర్మం ఆ లెక్కలో లేదు.

రెండో రకం మీటరు ఉంది. దానికి తెల్లటి చిన్న గుమ్మటం ఉంటుంది. మనిషి ముఖం దగ్గర పెట్టి, గుమ్మటాన్ని కెమెరా వైపు తిప్పి మీట నొక్కాలి. అది కొలిచేది మనిషి మీద పడే వెలుగును. ఆ మనిషి నలుపో తెలుపో, అద్దాలు తొడిగిందో లేదో దానికి పట్టదు. నాకు కావలసింది అదే.

కోఠి గుజరాతీ గల్లీలో పాత మీటర్లు అమ్మే ఒకాయన మూడు చూపించాడు. మొదటిది సెలీనియం మీటరు. బ్యాటరీ అక్కర్లేదు, వెలుగు పడితేనే ముల్లు కదులుతుంది. అన్నింటిలోకి చవక. కానీ సెలీనియం ఏళ్లు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. అరచేత్తో మూస్తే ముల్లు సున్నాకు రావాలి, ఎండలోకి తీస్తే ఆ పెద్దమనిషి చెప్పిన పదహారు లెక్కకు దగ్గరగా చూపాలి. ఇది రెండు మెట్లు తక్కువ చూపింది. రెండోది పాదరసం బ్యాటరీ మీద నడిచే కాలం నాటిది. ఆ 1.35 వోల్టుల బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు. 1.5 వోల్టులది వేస్తే లెక్క తప్పొచ్చు. మూడోది సెకోనిక్ ఎల్-308. గుమ్మటం పక్కకు జరిపితే తిరిగొచ్చే వెలుగునూ కొలుస్తుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, గోడ గడియారంలో వేసే ఒక్క పెన్సిల్ సెల్లుతో నడవడం. అది మా తండా కిరాణా కొట్టులో దొరుకుతుంది. మూడింటిలో దాని ధరే ఎక్కువ. రెండు నెలలు డబ్బు కూడబెట్టి తెచ్చుకున్నాను.

అంత పెట్టలేని వాళ్లు ఫోను యాప్‌తోనే పని నడుపుకోవచ్చు. బట్టల మీద కాకుండా, ముఖం మీద పడే వెలుగే పడేట్టు అరచెయ్యి పట్టుకుని, అరచేతిని మాత్రమే కొలవాలి. వచ్చిన లెక్క కన్నా లెన్సు ఒక మెట్టు ఎక్కువ తెరవాలి. ఒంటి రంగు ఏదైనా అరచేతుల రంగులో తేడా తక్కువ. మొదటి ఏడాది ఈ సంగతి తెలిసుంటే ఆ రోలు దక్కేది.

మళ్లీ తీజ్ వచ్చింది. అదే చెట్టు, అదే మంచం. ఈ ఏడాదిలో కాంచళి మీద రెండు అద్దాలు ఊడిపోయాయి. సూదిలో దారం ఎక్కించడానికి యాడికి చూపు ఆనడం లేదు. మీటరు గడ్డం దగ్గర పెడితే ముఖం వెనక్కి తీసుకుంది.

"ఏందిరా గది, కోడిగుడ్డు సగం కోసి పెట్టినట్టు?"

"నీ మీద ఎంత వెలుగు పడుతున్నదో చూస్తున్న యాడి."

"డెబ్బై ఏండ్ల సంది పడుతున్నది. ఇప్పుడు చూస్తున్నవా?"

400 స్పీడు ఫిల్ము. 125 షట్టరుకు మీటరు 8 చూపించింది. బట్టల వైపు ఫోను పెట్టి చూస్తే 16 అంది. మధ్యలో రెండు మెట్లు, అంటే నాలుగింతల వెలుగు తేడా. పోయిన ఏడాది యాడి ముఖం పోయింది ఆ తేడాలోనే. ఈసారి మీటరు మాట విని 8 మీద పెట్టాను.

పన్నెండింటిలో తొమ్మిది బాగా వచ్చాయి. రెండింటిలో యాడి కదిలింది, ఒకదానిలో మేక అడ్డం వచ్చింది. అద్దాలు కొంచెం ఎక్కువగానే మెరిశాయి, మెరవనీ. ముఖం ఆమె రంగులోనే ఉంది. మడతల మధ్య, గడ్డం మీద, పచ్చబొట్టు ఉంది.

ఫొటో తెచ్చి చేతికిస్తే యాడి దాన్ని గుమ్మం దగ్గరికి తీసుకుపోయి వెలుగులో పట్టుకుంది. బొట్టు మీద వేలు పెట్టి రుద్ది చూసింది. పోలేదు.

"ఇది నేనే" అంది. కాసేపాగి, "గని, నా ఫేటియా ఎరుపు ఏడపోయిందిరా?" అంది.

నలుపు తెలుపు ఫిల్మని చెప్పాను. వచ్చే తీజ్‌కు రంగుల రోలు తెస్తానన్నాను. గోడ మీది పాత ఫొటో నాయన కోసం అలాగే ఉంచి, దీన్ని దాని పక్కన మేకు కొట్టి తగిలించాం.