జొన్నలకూ ఓ బ్యాంకు!

డబ్బులు దాచుకోవడానికి బ్యాంకు ఉంటుంది. బంగారం పెట్టుకోవడానికి లాకరుంటుంది. మరి జొన్నలకో? వాటికీ ఉంది... హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే దారిలో, పటాన్‌చెరు దగ్గర. 1972లో ఏర్పాటైన ఇక్రిశాట్ ప్రాంగణంలోని జన్యుబ్యాంకు అది.

లోపల 90కి పైగా దేశాల నుంచి సేకరించిన 42 వేలకు పైగా జొన్న నమూనాలున్నాయి. తెల్లవి, పసుపువి, ఎర్రవి, గోధుమరంగువి... ఒకదాని కంకి పిడికిలిలా బిగిసి ఉంటే మరోదానిది చీపురులా విడిపోయి ఉంటుంది. నడుమెత్తు మొక్కలూ ఉన్నాయి, ఏనుగంత ఎత్తు పెరిగేవీ ఉన్నాయి. జొన్న పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. అక్కడినుంచి ఊరూరూ తిరుగుతూ ఏ నేలకు తగ్గట్టు ఆ నేలలో మారిపోయింది మరి!

తరచూ వాడే విత్తనాలను 4 డిగ్రీల చల్లదనంలో, తరాలపాటు దాచాల్సిన వాటిని మైనస్ 20 డిగ్రీల గదుల్లో ఉంచుతారు. అప్పుడప్పుడూ కొన్ని గింజలు తీసి మొలకెత్తించి చూస్తారు. మొలక శాతం తగ్గితే రబీలో మళ్లీ పొలంలో వేస్తారు. పక్క రకం పుప్పొడి పడకుండా కంకికి కాగితం సంచి తొడుగుతారు.

దాచడం ఒక ఎత్తు, ఏది ఎంత భిన్నమో తేల్చడం మరో ఎత్తు. అన్నదమ్ముల్లాంటి రెండు రకాలను సంకరపరిస్తే కొత్తగా వచ్చేదేమీ ఉండదు. అందుకే ఎన్నాళ్లకు పూత వచ్చింది, కంకి ఎంత పొడవు, గింజ ఎంత బరువు... అన్నీ కొలుస్తారు. డీఎన్ఏనూ పోల్చిచూస్తారు. అయితే వేలకు వేల రకాలను ప్రతిసారీ పరీక్షించడం ఎవరితరం? అందుకే 22 వేల పైచిలుకు స్థానిక రకాల్లోంచి మొదట సుమారు 2,250, వాటిలోంచి 242 ఎంపిక చేశారు. మొత్తం వైవిధ్యానికి ఇవి ప్రతినిధులన్నమాట. మొవ్వు ఈగనూ, గింజ బూజునూ, కరవునూ తట్టుకునే గుణాల కోసం శాస్త్రవేత్తలు ముందు వీటిలోనే వెతుకుతారు.

ఆ వెతుకులాట ఫలితం చిన్నదేం కాదు. సూడాన్, ఇథియోపియా సరిహద్దుల్లోని జెరాజెరా జొన్నలు ఎన్నో మేలురకాలకు తల్లిదండ్రులయ్యాయి. 1930లలో షోలాపూర్ ప్రాంతపు స్థానిక రకం నుంచి ఎంపికచేసిన మాల్దండి, రబీ రైతుకు ఇప్పటికీ నమ్మకమైన తోడు.

కానీ పొలాల్లో పరిస్థితి వేరు. 1964లో తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. దిగుబడి పెరిగింది, పాతరకాలు పక్కకు తప్పుకున్నాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్నరొట్టె తినే ఇళ్లలోనూ అన్నం కుండ పొయ్యెక్కింది. తినేవారు తగ్గితే వేసేవారూ తగ్గుతారు. ఒక్క తరం విత్తనం కట్టకపోతే చాలు, ఆ రకం ఊరు విడిచినట్టే.

అలా పోగొట్టుకున్న వాళ్లకు ఈ బ్యాంకే దిక్కు. ఇథియోపియా, కామెరూన్, సోమాలియా లాంటి దేశాలకు వాళ్ల జొన్నలే ఇక్కడినుంచి తిరిగి వెళ్లాయి. అయితే చలిగదిలో గింజ నిద్రపోతుందే తప్ప మారే వానలకు తగ్గట్టు మారదు. ఆ పాఠం నేర్చుకోవాలంటే అది మళ్లీ మట్టిలో పడాల్సిందే... రైతు చేతుల్లో, చేలో!