గేటు పడితే పండగే!

రైల్వే గేటు పడితే విసుక్కునేవాళ్లనే ఇన్నాళ్లూ చూశాను. గేటు ఎప్పుడు పడుతుందా అని కెమెరాలు పట్టుకుని ఆశగా ఎదురుచూసేవాళ్లను మాత్రం జపాన్‌లోనే చూశాను.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి జపాన్ అంటే గుళ్లూ కాదు, బుల్లెట్ రైలూ కాదు. యానిమే! అంటే జపాన్‌వాళ్లు తీసే బొమ్మల సినిమాలూ, సీరియళ్లూ. వాటిలో చాలావాటికి మూలం ‘మాంగా’ అనే అక్కడి కామిక్స్. మా తమ్ముడు యొకొహామాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు వాడి దగ్గరికి వెళ్లిన రోజు నుంచీ మేనమామకీ మేనల్లుడికీ ఒకటే వాదన. యానిమే కథల్ని నిజం మనుషులతో సినిమాగా తీస్తే బాగుంటాయా, బాగుండవా?

‘చచ్చినా బాగుండవు మావయ్యా’ అంటాడు వాడు. వాడి సాక్ష్యం 2009లో వచ్చిన ‘డ్రాగన్‌బాల్ ఎవల్యూషన్’. కొండల్లో పెరిగిన గోకూని తీసుకెళ్లి అమెరికా హైస్కూల్లో కూర్చోబెట్టారు. ఆ స్క్రిప్టు రాసిన బెన్ రామ్సే 2016లో అభిమానులకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. 2017లో ‘డెత్ నోట్’ కథను ఏకంగా సియాటిల్‌కి మార్చేశారు. అదీ అంతంతమాత్రమే.

‘సరే, రేపు ఎనోడెన్ ఎక్కిస్తా. తీర్పు అక్కడే’ అన్నాడు మా తమ్ముడు.

పెరట్లోంచి వెళ్లే రైలు

ఎనోడెన్ అంటే ఫుజిసావా నుంచి కామకురా దాకా సముద్రం పక్కనే నడిచే బుల్లి రైలు. మొదలైంది 1902లో. మొత్తం పది కిలోమీటర్లు, పదిహేను స్టేషన్లు, ఒకటే లైను. ఆకుపచ్చా మీగడ రంగుల పెట్టెలు ఇళ్ల పెరళ్లను రాసుకుంటూ వెళ్తాయి. కిటికీలోంచి చెయ్యి చాపితే ఆరేసిన బట్టలు అందుతాయేమో అనిపిస్తుంది. కోషిగోయె దగ్గరైతే రైలు నడిరోడ్డు మీదికి వచ్చేసి కార్లతో కలిసి నడుస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరికి అరగంట పైనే.

మొదట ఎనోషిమాలో దిగాం. ఒడ్డు నుంచి వంతెన మీద నడిచి వెళ్లే చిన్న దీవి అది. తైయో మత్సుమోతో రాసిన ‘పింగ్‌పాంగ్’ అనే మాంగా కథ ఈ చుట్టుపక్కలే జరుగుతుంది. దాన్ని 2002లో మనుషులతో సినిమా తీశారు. 2014లో యానిమే వచ్చింది. మావాడు యానిమే ఒక్కటే చూశాడు. ముందురోజు రాత్రి మా తమ్ముడు వాడికి సినిమా చూపించాడు. అందులో ఒక తమాషా ఉంది. నటులు బంతి లేకుండానే బ్యాట్లు ఊపారు. బంతిని తర్వాత కంప్యూటర్‌తో కలిపారు.

‘చూశావా, బంతి అబద్ధం. చెమట మాత్రం నిజం’ అన్నాడు మా తమ్ముడు.

‘బానే ఉందిలే. ఏదో ఒకటి కుదిరింది’ అని సణిగాడు మావాడు.

గాల్లో ఆగే కుర్రాడు

తర్వాత దిగింది కామకురా కోకో మే స్టేషన్లో. ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఎదురుగా సముద్రం తప్ప ఇంకేమీ లేదు. నాలుగడుగులు నడిస్తే ఆ గేటు. కొండ మీంచి దిగే రోడ్డు, దాని చివర పట్టాలు, వాటి అవతల నీళ్లు. అంతే! తకెహికో ఇనోవె మాంగా ఆధారంగా 1993లో టీవీలో మొదలైన ‘స్లామ్ డంక్’ అనే బాస్కెట్‌బాల్ సీరియల్ ప్రారంభంలో కొన్ని సెకన్లపాటు కనిపించేది ఇదే. ఆ కొన్ని సెకన్ల కోసం ఏటేటా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. రోడ్డు మీదికి రాకుండా వాళ్లను ఆపడానికి కాపలావాళ్లు నిలబడి ‘జరగండి, జరగండి’ అని సైగలు చేస్తున్నారు.

గంట మోగింది. గేటు పడింది. ఆకుపచ్చ రైలు వచ్చింది, వెళ్లింది. అందరూ ఫొటోలు తీసుకున్నారు. మావాడి మొహం చూస్తే పరీక్ష ఫలితాలు వచ్చిన రోజులా ఉంది.

‘ఇంతేనా అమ్మా?’ అన్నాడు.

పాపం, వాడి బాధ నాకర్థమైంది. బొమ్మలో ఆ రైలు ఎంతసేపు కావాలంటే అంతసేపు నడుస్తుంది. స్లామ్ డంక్ కుర్రాడు బుట్టలో బంతి వెయ్యడానికి ఎగిరితే గాల్లో ఉండగానే చిన్ననాటి సంగతులు తలచుకుంటాడు, అమ్మని తలచుకుంటాడు, అప్పుడు దిగుతాడు. నిజం మనిషి ఎంత ఎగిరినా సెకను తిరక్కుండానే కింద పడతాడు. మనుషులతో తీసేవాళ్లకు వచ్చే మొదటి చిక్కు ఇదే. విగ్గులకు రంగు వెయ్యొచ్చు కానీ నేల లాగకుండా ఆపలేరు కదా!

అప్పుడే కొండ మీది హైస్కూల్ వదిలారు. పిల్లలు సంచులు తగిలించుకుని, కొందరు సైకిళ్లు నడిపించుకుంటూ ఆ గుంపులోంచి దారి చేసుకుని వస్తున్నారు. వాళ్లకది సీన్ కాదు, రోజూ ఇంటికెళ్లే దారి. మా ఫొటోల గొడవలో వాళ్లకు రోడ్డు దాటడమే కష్టంగా ఉంది. మావాడు ఫోను జేబులో పెట్టి పక్కకు జరిగాడు. వాళ్లు వెళ్లేదాకా చూస్తూ నిలబడ్డాడు.

‘బొమ్మలో ఇక్కడ ఇంత గాలి ఉన్నట్టు తెలీదమ్మా’ అన్నాడు కాసేపాగి.

మా తమ్ముడు అందుకున్నాడు. ‘2022లో స్లామ్ డంక్ సినిమాను ఇనోవె తనే డైరెక్ట్ చేశాడు. మనుషులతో కాదు, యానిమేషనే. కానీ ఆట కోసం నిజం ఆటగాళ్లతో ఆడించి వాళ్ల కదలికలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. బొమ్మకే మనుషులు కావలసొచ్చారు. మనుషులకు బొమ్మ పనికిరాదంటావేంటిరా?’

మావాడు జవాబు చెప్పలేదు.

అక్కాచెల్లెళ్ల ఊరు

తర్వాత గోకురాకుజి. చెట్ల మధ్య చెక్కతో కట్టిన పాత స్టేషన్. అకిమి యోషిదా మాంగా ‘ఉమిమాచి డైరీ’ని 2015లో హిరోకాజు కొరెయెదా సినిమాగా తీసింది ఈ పరిసరాల్లోనే. దీనికి యానిమే లేదు. కామకురాలో పాత ఇంట్లో ఉండే ముగ్గురు అక్కాచెల్లెళ్లు, తండ్రి పోయాక సవతి చెల్లెల్ని తెచ్చి పెంచుకునే కథ. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో పోటీకి కూడా వెళ్లింది. అందులో ఎవరికీ బొమ్మలాంటి జుట్టు ఉండదు. రేగుపళ్లంత కాయలతో సారా ఊరబెట్టుకోవడం, బుల్లి చేపలు వేసిన రొట్టె తినడం, స్టేషన్‌కి పరిగెత్తడం... వాటితోనే వాళ్లు మనింటి పిల్లలైపోతారు.

‘ఇలాంటి ఇంటి కథలు సరే మావయ్యా, మరి ఎగిరేవి, సాగేవి?’ అని మావాడి చివరి అస్త్రం.

దానికి జవాబు వాడి దగ్గరే ఉంది. 2023లో వచ్చిన ‘వన్ పీస్’ వాడికి నచ్చింది. చేతులు రబ్బరులా సాగే కుర్రాడి కథ అది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఓడల సెట్లు వేసి తీశారు. మూలకర్త ఎయిచిరో ఓదా నిర్మాణంలో పాలుపంచుకున్నాడు. అక్కడ చేతులు కంప్యూటర్‌వే. కానీ ఓడ మీద స్నేహితులు కొట్టుకునే తీరు నమ్మేట్టుంది.

మనం ఒకమ్మాయిని ‘బాపు బొమ్మలా ఉంది’ అంటాం. అలా అన్నప్పుడు గీతలూ కొలతలూ చూస్తామా? ఆ కళ చూస్తాం. మనుషులతో తీసిన యానిమే అయినా అంతే అనిపించింది నాకు. జుట్టు రంగు దింపుకున్నవాళ్లు ఓడిపోయారు. ఊరినీ మనసునీ పట్టుకున్నవాళ్లు గెలిచారు.

ఎండలో బుద్ధుడు

గోకురాకుజి దాటగానే ఈ లైనులోని ఒకే ఒక్క సొరంగం. అది దాటితే హసె. అక్కడ పదకొండు మీటర్లకు పైగా ఎత్తున్న కంచు బుద్ధుడు. పోత పని 1252లో మొదలైందంటారు. ఒకప్పుడు చుట్టూ మందిరం ఉండేది. అది పోయాక కొన్ని వందల ఏళ్లుగా ఎండకీ వానకీ అలాగే కూర్చుని ఉన్నాడు.

ఆయన ముందు చాలాసేపు కూర్చున్నాం. బుద్ధుడు నిజంగా ఇలాగే ఉండేవాడా అని అక్కడ ఎవరూ అడగడం లేదు. అందరూ చేతులు జోడిస్తున్నారు.

‘ఏరా, తీర్పు ఏంటి?’ అన్నాడు మా తమ్ముడు.

‘కొన్ని తియ్యొచ్చు’ అన్నాడు మావాడు. ‘కానీ స్లామ్ డంక్ జోలికి మాత్రం వెళ్లొద్దు!’

కామకురాకు టోక్యో నుంచి రైల్లో సుమారు గంట ప్రయాణం. ఎనోడెన్‌లో రోజంతా ఎక్కిదిగడానికి పాస్ దొరుకుతుంది. ఆ గేటు దగ్గరికి వెళ్తే ఫొటో తీసుకోండి. కానీ బడి వదిలే వేళైతే కాస్త పక్కకు జరగండి. పిల్లలు ఇళ్లకు వెళ్లాలి.